గుడ్డ కింద దాగిపోయే పని: ఒక టైగర్ మాత్‌ని మళ్ళీ ఎగరేసిన అనుభవం

టైగర్ మాత్ పేరు విననివాళ్ళ కోసం ముందుగా కాస్త చెప్పాలి. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు, పైకప్పు లేకుండా ముందొకరు వెనకొకరు కూర్చునే సీట్లు, ముందు కర్ర ప్రొపెల్లర్. డి హావిలాండ్ కంపెనీ తయారుచేసిన ఈ శిక్షణ విమానం ఇంగ్లండ్‌లో 1931 అక్టోబర్ 26న మొదటిసారి ఎగిరింది. తర్వాత ఎనిమిది వేలకు పైగా తయారయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్యం నలుమూలలా పైలట్ కావాలనుకున్న కుర్రాళ్ళలో చాలామంది ఓనమాలు దిద్దింది దీనిమీదే. మన బేగంపేటలో కూడా ఆ రోజుల్లో టైగర్ మాత్‌లతో పైలట్ల స్కూలు నడిచింది.

నేను పుట్టి పెరిగింది బోయినపల్లిలో. 2008లో శంషాబాద్ మొదలయ్యేదాకా మా ఇంటి మీంచే విమానాలు బేగంపేటకి దిగేవి. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగరీత్యా కేంబ్రిడ్జ్ దగ్గర స్థిరపడ్డాక చిన్న విమానాల లైసెన్స్ తీసుకున్నాను. అలా తిరుగుతున్నప్పుడే, ముక్కలుగా ఉన్న ఒక టైగర్ మాత్‌ని కొని బాగుచేస్తున్న చిన్న బృందం పరిచయమైంది. అందులో వాటా తీసుకున్నాను. డబ్బు వాటాతో పాటు చేతుల వాటా కూడా పెట్టాలన్నది వాళ్ళ నియమం. నాకు కావలసిందీ అదే.

మా విమానం యుద్ధకాలంలో ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీలో, మారిస్ మోటర్స్ వాళ్ళ ఫ్యాక్టరీలో తయారైంది. డి హావిలాండ్ వేరే యుద్ధ విమానాల పనిలో మునిగిపోవడంతో టైగర్ మాత్ పని ఈ కార్ల కంపెనీకి అప్పగించారు. అక్కడే మూడు వేలకు పైగా తయారుచేశారు. యుద్ధం అయ్యాక ఎయిర్‌ఫోర్స్ వీటిని అమ్మేస్తే ఫ్లయింగ్ క్లబ్బులు, గ్లైడర్లు లాగేవాళ్ళు, పొలాల మీద మందులు చల్లేవాళ్ళు కొనుక్కున్నారు. మాదీ అలా చేతులు మారి మారి, చివరికి ఒక పాత కొట్టంలో రెక్కలు ఒకవైపు, బాడీ ఒకవైపు పడి ఉండగా మా వాళ్ళ కంటపడింది.

ఇక్కడి పద్ధతి ఒకటి ముందే చెప్పాలి. ఓనరు తన చేత్తో పని చేసుకోవచ్చు. కానీ లైసెన్స్ ఉన్న ఇంజనీరు ప్రతి దశలో చూసి సంతకం పెడితేనే అది పని కింద లెక్క. మా ఇంజనీరు డెబ్బై దాటిన పెద్దాయన. ఆయన నోట ఎప్పుడూ ఒకే మాట: మూసే ముందు నన్ను పిలవండి. గుడ్డ కప్పేశాక లోపల ఏముందో మళ్ళీ ఏళ్ళ తరబడి ఎవరూ చూడరు. కాబట్టి ఆ విమానంలో కూర్చునేవాడి ప్రాణం, ఎవరూ చూడని పని మీద ఆధారపడి ఉంటుంది. పని జరిగిన కాలమంతా మా హ్యాంగర్‌లో మాటలన్నీ దీని చుట్టూనే తిరిగాయి.

మొదట పాత గుడ్డ కోసి తీశాం. లోపల రెక్కకి వెన్నెముకలా రెండు పొడవాటి కర్ర స్పార్లు, వాటికి అడ్డంగా సన్నటి రిబ్బులు. అంతా స్ప్రూస్ కలపే. తేలికైనది, పీచు తిన్నగా సాగేది. తయారైన కాలంలో కర్ర అతుకులకి వాడిన జిగుళ్ళలో పాలలోంచి తీసే కేసిన్ జిగురు ఒకటి. పొడిగా ఉన్నంతకాలం దానికి తిరుగులేదు. తడి తగిలితే మాత్రం బూజు పట్టి సత్తువ పోతుంది. మా రెక్కలు ఉన్న కొట్టం పైకప్పు కారేది. అందుకని ఒక్కో అతుకునీ టార్చ్‌తో, పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దంతో చూశాం. బోల్టు రంధ్రాల చుట్టూ కలప నల్లబడిందంటే తుప్పు నీళ్ళు లోపలికి దిగాయని గుర్తు. పైన రంగు బాగానే ఉన్న ఒక స్పార్‌ని ఇలా చూస్తే, బోల్టు దగ్గర పీచుకి అడ్డంగా వెంట్రుక మందాన గీత కనబడింది. ఎప్పుడో గట్టిగా నేలకు దిగినప్పుడు కలప లోపల నలిగిందన్నమాట. పెద్దాయన ఆ స్పార్ మీద ఎర్ర చాక్‌పీసుతో పెద్ద అడ్డగీత గీసి పక్కన పెట్టించారు. మళ్ళీ ఎవరూ పొరపాటున కూడా వాడకుండా అక్కడే రంపంతో రెండు ముక్కలు చేయించారు.

కొత్త స్పార్‌కి కలప ఎంచుకోవడమే ఒక విద్య. ఉత్తర అమెరికా పడమటి తీరంలో పెరిగే సిట్కా స్ప్రూస్ తెప్పించారు. దుంగ పొడవునా పీచు ఎంత వంపు తిరిగిందో కొలవాలి. పదిహేను అంగుళాల పొడవుకి ఒక అంగుళం మించి పక్కకి జరిగితే ఆ దుంగ పనికిరాదు. ముడి ఉండకూడదు, బంక సంచి ఉండకూడదు. వచ్చిన కలపలో ఎంతో భాగం ఇలా తిరస్కరించాల్సి వచ్చేది. చిత్రిక పట్టడం నేను బడిలో క్రాఫ్ట్ పీరియడ్ తర్వాత మళ్ళీ చేసింది అక్కడే.

జిగురు కలిపిన ప్రతిసారీ చేసే పరీక్ష ఒకటుంది. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే నచ్చింది అదే. ఏ గిన్నెలో కలిపిన జిగురుతో రెక్కలో అతుకులు వేస్తామో, అదే జిగురుతో రెండు చిన్న కలప ముక్కల్ని కూడా అతికించి, తేదీ రాసి పక్కన పెడతాం. పూర్తిగా ఆరాక ఆ ముక్కని వైస్‌లో బిగించి సుత్తితో కొట్టి విరుస్తాం. విరిగిన చోట కలప పీచు చిరిగి, రెండు వైపులా అంటుకుని కనబడాలి. అంటే కలప ఓడిపోయింది, జిగురు నిలబడింది. అలా కాకుండా అతుకు నున్నగా ఊడొచ్చిందంటే ఆ గిన్నెతో ఆరోజు వేసిన అతుకులన్నీ విప్పాల్సిందే. విరిగిన ముక్కల్ని పారెయ్యకుండా తాడుకి గుచ్చి గోడకి వేలాడదీసేవాళ్ళం. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన ముందుగా ఆ దండ దగ్గరికే వెళ్ళి ఒక్కో ముక్కా తిప్పి చూసేవారు.

బాడీ మాత్రం స్టీలు గొట్టాలతో చేసిన చట్రం. దాన్ని శుభ్రం చేయించి, తుప్పు ఎక్కడ తిన్నదో చూసి, పనికిరాని గొట్టాలు మార్పించాం. ఇది అనుభవమున్న వెల్డర్ పని, మేం చూస్తూ నిలబడ్డాం. ఇక్కడ నేను ఆగి చెప్పాల్సింది టై రాడ్ల గురించి. కింది రెక్కలు ఎడమా కుడీ బాడీకి తగులుకునే చోట, రెంటినీ బాడీ అడుగున అడ్డంగా కలిపి పట్టుకునే స్టీలు కడ్డీలు ఇవి. బొటనవేలంత లావు కూడా ఉండవు. 2013 డిసెంబర్ 16న ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ తీరంలో ఒక టైగర్ మాత్ విన్యాసం చేస్తుండగా ఎడమ రెక్కలు విరిగి సముద్రంలో పడిపోయింది. అందులోని ఇద్దరూ చనిపోయారు. దర్యాప్తులో తేలింది: ఈ టై రాడ్లు రెండూ మరలు ఉన్న చోట అలసట పగుళ్ళతో విరిగాయి. లోహం మీద బరువు పడి, తగ్గి, మళ్ళీ పడుతూ ఉంటే కంటికి కనబడని పగులు పుట్టి మెల్లగా లోపలికి పాకుతుంది. అది వెళ్ళిన దూరం బయటికి తెలియదు, తెలిసే రోజున కడ్డీ విరిగే ఉంటుంది. అందుకే ఈ కడ్డీలకి ఆయుష్షు నిర్ణయించి, తీరగానే మార్చెయ్యమంటారు. మేం డిజైన్ బాధ్యత ఉన్న సంస్థ ఒప్పుకున్న చోటనుంచే కొత్తవి తెప్పించి, కాగితాలు సరిచూసుకుని బిగించాం. పాత కడ్డీలు చేతిలోకి తీసుకుంటే మెరుస్తూ, చెక్కుచెదరనట్టే ఉన్నాయి. ఆ మెరుపుని నమ్మకూడదు. పాత విమానాలంటే ప్రేమ ఉన్నవాళ్ళు ఒరిజినల్ భాగాలు అలాగే ఉంచాలని కోరుకుంటారు, ఆ కోరిక నాకూ ఉంది. కానీ ఎగరబోయే విమానంలో ఆ కోరికకి చోటు తక్కువ. మ్యూజియంలో నిలబెట్టే విమానంలో పాత కడ్డీ ఉంచడం గౌరవం, ఎగిరేదాంట్లో ఉంచడం నేరం.

ఇక గుడ్డ పని. అసలు రోజుల్లో ఐరిష్ లినెన్ వాడేవాళ్ళు. మేం వాడింది సెకోనైట్ అనే పాలియెస్టర్ గుడ్డ. ఎండకీ తడికీ ఎక్కువకాలం ఆగుతుంది. రెక్క చట్రానికి ఒక తొడుగులా గుడ్డ తొడిగి, అంచులు అంటించి, ఇస్త్రీపెట్టెతో వేడి చేస్తే అది ముడుచుకుని బిగుసుకుంటుంది. ఇది ఇంట్లో బట్టల ఇస్త్రీ చేసినట్టు చేసే పని కాదు. ముందు 121 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గర ఒక దఫా, తర్వాత 177 దగ్గర చివరి దఫా. పెట్టె మీద ఉన్న అంకెల్ని నమ్మకుండా అడుగుభాగం వేడిని విడిగా కొలిచి చూసుకోవాలి. ఎక్కువైతే గుడ్డ బిగువు పోయి ఆ ముక్క వృథా అవుతుంది. చివరి దఫా అయ్యాక వేలితో తడితే గుడ్డ మోగుతుంది.

ఆ తర్వాత కుట్టు. రెక్క పైన గాలి ఒత్తిడి తగ్గడం వల్ల గుడ్డ పైకి లేవాలని చూస్తుంది. అంటించిన అంచులు ఒక్కటే దాన్ని పట్టి ఉంచలేవు. అందుకని ప్రతి రిబ్బు దగ్గరా, మైనం పట్టించిన దారాన్ని రెక్క పైనుంచి కిందికి, కిందనుంచి పైకి దూర్చి, రిబ్బు చుట్టూ తిప్పి ముడి వెయ్యాలి. ప్రొపెల్లర్ గాలి నేరుగా తగిలే చోట కుట్లు దగ్గర దగ్గరగా, మిగతాచోట కాస్త దూరంగా. మన దగ్గర పరుపులు కుట్టేవాళ్ళ చేతిలో ఉండే పొడుగు సూది లాంటిదే ఇక్కడా వాడతారు. రెక్కని నిలువుగా నిలబెట్టి ఇటొకరు అటొకరు నిలబడతారు. ఇటునుంచి సూది దూరిస్తే అటువైపు మనిషి దాన్ని అందుకుని, రిబ్బుకి అవతలివైపు నుంచి తిరిగి పంపాలి. అటువైపు మనిషి ముఖం కనబడదు, గుడ్డ మీద కదిలే నీడ మాత్రం కనబడుతుంది. ముడి లాగే బలం ప్రతిసారీ ఒకటే ఉండాలి. ఎక్కువ లాగితే సన్నటి రిబ్బు అంచు నలుగుతుంది, తక్కువైతే దారం వదులై రాపిడికి తెగుతుంది. పొద్దున మొదలుపెడితే ఒక రెక్కలో ఒక భాగం అయ్యేసరికి వేళ్ళ చివర్లు మొద్దుబారేవి.

ఈ కుట్టు ఫోటోలు హైదరాబాద్‌లో ఉన్న మా మేనమామకి పంపాను. ఆయన జలహళ్ళిలో ట్రైనింగ్ అయ్యి, ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. డకోటా అనే పాత రవాణా విమానం ఒళ్ళంతా అల్యూమినియమే అయినా దాన్ని తిప్పే కదిలే భాగాలు, అంటే తోక మీది రడ్డర్, ఎలివేటర్లు, రెక్కల వెనక అంచున ఉండే ఎయిలెరాన్లు గుడ్డవే. చిన్నప్పుడు ఆయన ఆ సంగతి చెబితే నేను నమ్మేవాణ్ణి కాదు. ఫోటో చూడగానే వీడియో కాల్ చేశారు.

“ఒరే, ఆ ముడి దగ్గరగా చూపించు. ఫోన్ కదపకు.”

“కనబడుతోందా మావయ్యా?”

“కనబడింది. బానే ఉంది. దారానికి మైనం మీరే రాస్తున్నారా, రాసిందే వస్తోందా?”

“రాసిందే వస్తోంది.”

“మేం తేనెమైనం ముద్ద పెట్టుకుని రాసుకునేవాళ్ళం. సరే, టర్న్‌బకిళ్ళకి లాకింగ్ వైర్ చుట్టేశారా? అది కూడా చూపించు. ఏ వైపు తిప్పి చుట్టారో చూడాలి నేను.”

టర్న్‌బకిల్ అంటే తీగని బిగించే మర, అది విప్పుకోకుండా చుట్టేది లాకింగ్ వైర్. అప్పటినుంచి ప్రతి ముఖ్యమైన దశలో ఆయనకి ఫోన్ చూపించడం అలవాటైపోయింది. మా పెద్దాయనకీ, మా మావయ్యకీ భాష కలవదు, కానీ లాకింగ్ వైర్ ఏ వైపు చుట్టాలన్న దాంట్లో ఒక్కసారీ తేడా రాలేదు. మర వదులవ్వాలని చూస్తే వైరు ఇంకా బిగుసుకునే వైపు చుట్టాలి. పద్ధతి అదొక్కటే.

గుడ్డ మీద డోప్ పూత. డోప్ అంటే గుడ్డని గట్టిపరిచే వార్నిష్ లాంటిది. మొదటి పూత బ్రష్‌తో గుడ్డలోకి ఇంకేలా రుద్దాలి. తర్వాత పూతలు, మధ్యమధ్య ఎమరీ పేపర్, ఆపైన అల్యూమినియం పొడి కలిపిన వెండి రంగు పూత. ఆ వెండి అందం కోసం కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు గుడ్డని తినెయ్యకుండా అడ్డుకునేది అదే. హ్యాంగర్‌లో లైట్లు ఆపి, రెక్క లోపల దీపం పెట్టి బయటినుంచి చూస్తాం. ఎక్కడ వెలుగు చుక్క కనబడినా అక్కడ పూత చాలలేదని అర్థం. ఇంగ్లండ్ చలికాలంలో డోప్ వెయ్యడం పెద్ద టెన్షన్. గాల్లో తేమ ఎక్కువైతే పూత ఆరుతున్నప్పుడు తెల్లగా పాలిపోతుంది, సత్తువ ఉండదు. హ్యాంగర్‌ని వెచ్చబెట్టాలి. కానీ డోప్ ఆవిరి నిప్పు తగిలితే భగ్గుమనేది కాబట్టి మంట ఉండే హీటర్ దగ్గరికి రానివ్వకూడదు. సరైన రోజు కోసం ఎదురుచూస్తూ వారాలకి వారాలు గడిచాయి. ఆ వాసన బట్టలకి పట్టుకుని, ఇంటికి వెళ్తే మా ఆవిడ జాకెట్టుని గరాజ్‌లోనే విప్పించేది.

పూతలు ఆరేరోజుల్లో ఒక ఆదివారం లండన్ హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంకి వెళ్ళాను. హైదరాబాద్ వాళ్ళెవరైనా లండన్ వస్తే అక్కడున్న డిహెచ్ 9ఎ అనే పాత బాంబర్ విమానం తప్పకుండా చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్ 110వ స్క్వాడ్రన్‌కి విమానాలు సమకూరాయి. ఆ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ పేరే పెట్టారు. మ్యూజియంలో ఉన్నది వాటిలో ఒకటి. నిజాం బహూకరించినట్టు దాని ఒంటిమీద రాసి ఉంది. 1918 అక్టోబర్‌లో జర్మన్ల చేతికి చిక్కి, బెర్లిన్‌లో మ్యూజియం వస్తువై, రెండో యుద్ధంలో పోలండ్ చేరి, 1977లో తిరిగి బ్రిటన్ వచ్చింది. ఆ రాతని చదువుతుంటే మా హైదరాబాద్ అన్న గర్వమూ, ఆ డబ్బు ఎవరి చెమటదో కదా అన్న బాధా రెండూ కలిగాయి. కేంబ్రిడ్జ్ దగ్గరి డక్స్‌ఫర్డ్ విమానాల మ్యూజియంలో మరో కథ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ మన దేశానికి ఇచ్చిన విమానాల్లో కొన్ని డిహెచ్ 9లు బికనీర్ రాజుగారికి చేరాయి. వాటి శిథిలాలు కోటలో పాత ఏనుగుల సాలలో పడి ఉంటే, ఇంగ్లండ్ వాళ్ళు కొనుక్కుని తెచ్చి ఏళ్ళ తరబడి పనిచేశారు. ఒకటి ప్రదర్శనలో నిలబెట్టారు, ఇంకొకటి 2019లో మళ్ళీ ఎగిరింది. మన దగ్గర పడి ఉన్నప్పుడు దాన్ని విలువైన వస్తువుగా చూసే కళ్ళు లేకపోవడం నాకిప్పటికీ బాధే. పోతే, మన ఎయిర్‌ఫోర్స్ కూడా ఈ దారి పట్టింది. ఒక టైగర్ మాత్‌ని బాగుచేయించుకుంది. 2018లో ఒక డకోటా కూడా ఇక్కడే సిద్ధమై, కొవెంట్రీ నుంచి ఇండియాదాకా ఎగురుకుంటూ వెళ్ళింది. పరశురామ అని దానికి పేరు పెట్టారు. ఆ వార్త వచ్చిన రోజు మావయ్య గొంతు వినాల్సింది.

ఇంజన్ గురించి ఎక్కువ చెప్పను, అది మా చేతి పని కాదు. జిప్సీ మేజర్, నాలుగు సిలిండర్లు తలకిందులుగా వేలాడే, గాలితో చల్లబడే ఇంజన్, 130 హార్స్‌పవర్. దాని పనే చేసే షాపుకి పంపిస్తే కొత్తదై వచ్చింది. పెట్రోలు ట్యాంకు పై రెక్క మధ్యలో ఉంటుంది కాబట్టి పంపు అక్కర్లేదు, దానంతటదే కిందికి దిగుతుంది.

రెక్కలు బిగించడం, తీగలు సరిచెయ్యడం మాత్రం మళ్ళీ వివరంగా చెప్పాలి. ముందు బాడీని స్టాండ్ల మీద ఎత్తి, రసమట్టం పెట్టి పొడవునా అడ్డంగా సమంగా నిలపాలి. అక్కడినుంచి తూకం గుండు వేలాడదీసి, రెక్కల వంపు, వాలు, వెనక్కి ఒరిగిన కొలత అన్నీ తీసుకోవాలి. టైగర్ మాత్ పై రెక్కలు వెనక్కి ఒరిగి ఉంటాయి. ముందు సీట్లో ఉన్నవాళ్ళు ప్యారాచూట్‌తో దూకాల్సి వస్తే పాత మాత్ మోడల్‌లో పై రెక్క అడ్డుపడేది. అందుకని దాన్ని ముందుకి జరిపి, బరువు తూగడానికి కొసల్ని వెనక్కి ఒంచారు. రెక్కల మధ్య ఉన్న స్టీలు తీగల్లో కొన్ని ఎగిరేటప్పుడు బరువు మోస్తాయి, కొన్ని నేలమీద ఉన్నప్పుడు. తీగ అంటున్నాను గానీ అవి గాలిని చీల్చేలా చదునుగా సాగదీసిన కడ్డీలు. ఒక కొసన కుడి మర, ఇంకో కొసన ఎడమ మర. తిప్పితే రెండు కొసలా ఒకేసారి బిగుస్తుంది. ఎప్పుడూ అర చుట్టు లెక్కన తిప్పాలి, లేకపోతే చదునైన అంచు గాలికి ఎదురుగా నిలవదు. కొసలో ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. అందులోకి పిన్ను దూర్చి చూస్తాం. పిన్ను అవతలికి వెళ్ళిపోతే మర అక్కడిదాకా రాలేదన్నమాట, ఆ తీగని అలా వదలకూడదు. పెద్దాయన పిన్ను పట్టుకుని ప్రతి కొసకీ వెళ్ళారు. తర్వాత నన్ను పంపారు. ఆ తర్వాత, అప్పటిదాకా ఆ తీగలు ముట్టుకోని మూడో మనిషిని.

కంట్రోళ్ళ విషయంలో ఇది చట్టమే. వాటిని కదిపితే ఇద్దరు విడివిడిగా చూసి సంతకాలు పెట్టాలి. పైలట్ చేతిలో ఉండే కంట్రోలు కర్ర, అంటే స్టిక్కు, కుడికి ఒంచితే కుడి ఎయిలెరాన్ పైకి లేవాలి, ఎడమది దిగాలి. వినడానికి చిన్నపిల్లల లెక్కలా ఉంటుంది. కానీ కంట్రోలు తీగలు అటుదిటుగా తగిలించిన విమానాలు నేలనుంచి లేచిన కొన్ని సెకన్లలోనే కూలిన సందర్భాలు ఉన్నాయి. అందుకే ఒకరు సీట్లో కూర్చుని గట్టిగా చెబుతూ కదుపుతారు, ఇంకొకరు బయట నిలబడి చూసి బదులు చెబుతారు.

తూకం వేసి, బరువు ఎక్కడ కేంద్రీకరించిందో లెక్క తేల్చి, కాగితాలు పంపాం. అనుమతి రావడానికి పట్టిన సమయం నాకు డోప్ ఆరడం కంటే ఎక్కువ అనిపించింది. పైన గోధుమ, ఆకుపచ్చ మచ్చలు, కింద శిక్షణ విమానాల పసుపు రంగు వేశాం. ప్రైవేటు విమానం మీద మిలిటరీ గుర్తులు వేసుకోవాలంటే దానికీ విడిగా అనుమతి కావాలి ఇక్కడ.

మొదటి ఎగురుడు అనుభవమున్న టెస్ట్ పైలట్‌ది. నేను ప్రొపెల్లర్ వైపు నిలబడ్డాను. స్టార్టర్ మోటర్ లేదు, చేత్తో తిప్పాల్సిందే. స్విచ్‌లు ఆఫ్, పెట్రోల్ ఆన్, థ్రాటిల్ మూసి ఉంది అని అటునుంచి అరుస్తారు, ఇటునుంచి అదే తిరిగి అరవాలి. నాలుగు సార్లు మెల్లగా తిప్పి సిలిండర్లలోకి పెట్రోలు లాగించాను. తర్వాత, “కాంటాక్ట్!” స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ప్రొపెల్లర్‌ని ఎప్పుడూ ఆన్‌లో ఉన్నట్టే చూడాలి. బ్లేడుని అరచేతులతో కిందికి లాగి, అదే ఊపులో వెనక్కి తప్పుకోవాలి. ఇంజన్ అందుకుంది. విమానం గడ్డి మీద పరుగెత్తి తోక లేపి, చాలా కొద్ది దూరంలోనే నేలని వదిలింది. మా పెద్దాయన పైకి చూడలేదు, కళ్ళు మూసుకుని ఇంజన్ చప్పుడే వింటున్నారు.

దిగాక టెస్ట్ పైలట్ చెప్పారు: చేతులు వదిలేస్తే ఎడమ రెక్క మెల్లగా కిందికి వాలుతోంది. కొత్తగా బిగించిన రెండు జతల రెక్కల విమానానికి ఇది మామూలే. గుండు కొలతలు ఎంత కచ్చితంగా ఉన్నా గాలి చెప్పే కొలత వేరు. ఎడమ రెక్క వెనక అంచు ఇసుమంత కిందికి వచ్చేలా తీగల్ని అర చుట్టు లెక్కన సరిచేశాం. మళ్ళీ పిన్ను, మళ్ళీ సంతకాలు, మళ్ళీ ఎగురుడు. ఇంకా కొంచెం ఉంది. మళ్ళీ అర చుట్టు. స్టిక్కు వదిలేసినా విమానం సమంగా నిలిచిందని ఆయన బొటనవేలు చూపించేదాకా ఇదే పని.

ఇక నా వంతు. మామూలు ముక్కు చక్రం విమానాలు నడిపినవాళ్ళకి ఇలా తోక నేలకి ఆనించి నిలబడే విమానం విడిగా నేర్పించాలి. ఇన్‌స్ట్రక్టర్ ముందు సీటు, నేను వెనక. ఒంటరిగా నడిపినా వెనక సీటే. బ్రేకులు లేవు. తోక కింద చక్రం బదులు ఒక ఇనుప స్కిడ్. అది నేలని గీరుకుంటూ ఉండటమే బ్రేకు. ముందు ఏముందో కనబడదు, అందుకని నేలమీద ఇటూ అటూ మెలికలు తిరుగుతూ వెళ్ళాలి. గాలి గట్టిగా ఉంటే రెక్క కొసల దగ్గర మనుషులు నడుస్తూ రావాలి.

థ్రాటిల్ తెరవగానే ముక్కు కుడికి పోవాలని చూస్తుంది, ఎడమ పెడల్‌తో ఆపాలి. తోక లేచాక ముందు దారి కనబడుతుంది. గంటకి అరవై మైళ్ళ దగ్గర అది దానంతటదే ఎగురుతోంది. నేను సెస్నా లాంటి ఇప్పటి చిన్న విమానంలో ఎప్పుడూ పట్టించుకోని సంగతి ఒకటి టైగర్ మాత్ మొదటి మలుపులోనే నేర్పింది. ఎయిలెరాన్లు కింది రెక్కలకే ఉంటాయి, బరువుగా ఉంటాయి, బద్ధకంగా పనిచేస్తాయి. కాలితో రడ్డర్ సరిగ్గా కలపకపోతే విమానం పక్కకి జారుతుంది. అలా జారినప్పుడు ఒక చెంపకి గాలి కొడుతుంది. ఏ చెంప చల్లబడిందో దాన్ని బట్టి ఏ పెడల్ నొక్కాలో తెలుస్తుంది. గేజ్ చూడక్కర్లేదు. యుద్ధకాలంలో దీన్ని శిక్షణకి ఎందుకు వాడారో అప్పుడు అర్థమైంది. ఎగరడం తేలికే, సరిగ్గా ఎగరడమే కష్టం. చేసిన ప్రతి తప్పునీ అది వెంటనే మనకి చెబుతుంది, కానీ ప్రాణం మీదికి తేవడానికి తొందరపడదు.

కేంబ్రిడ్జ్ ఉత్తరాన చదునైన పొలాల మీద కాసేపు తిరిగాం. ఎడమ కింది రెక్క మీద మూడో రిబ్బు నేను కుట్టింది. పైకి టేపు, డోప్, పసుపు రంగు అన్నీ ఉన్నాయి కాబట్టి ముళ్ళు చిన్న ఉబ్బుల్లాగే కనబడతాయి. అయినా చూపు అటే వెళ్ళేది. తీగలు గాలికి ఒకే స్వరంలో మోగుతున్నాయి. ఇన్‌స్ట్రక్టర్ స్టిక్కు వదిలేసి చేతులు పైకెత్తారు. నేనూ వదిలాను. విమానం ఏ వైపూ ఒరగలేదు.

దిగేటప్పుడు రెండు చక్రాలూ, తోకా మూడూ ఒకేసారి నేల తాకేలా దిగాలి. పట్టు దొరకడానికి నాకు చాలా పాఠాలే పట్టాయి. దిగాక నేల మీద పరుగు ఆగేదాకా కాళ్ళు పెడళ్ళ మీద ఆడుతూనే ఉండాలి. చాలామంది విమానం పాడుచేసేది ఇక్కడే, ఇక అయిపోయిందిలే అనుకున్న క్షణంలో.

మొదటి కొన్ని గంటల ఎగురుడు తర్వాత తీగలన్నీ కాస్త వదులయ్యాయి. కొత్త కలప, కొత్త ఫిట్టింగులు సర్దుకుంటాయి కాబట్టి ఇది ఊహించిందే. బిగువు మళ్ళీ సరిచేశాం.

కిందటి వేసవిలో మావయ్య వచ్చారు. ఎనభైకి దగ్గర పడ్డారు, మోకాళ్ళు సహకరించవు. హ్యాంగర్‌లోకి రాగానే ఎవరికీ నమస్కారం కూడా పెట్టకుండా తోక దగ్గరికి వెళ్ళి, ఎలివేటర్ అంచు పట్టుకుని పైకీ కిందికీ కదిపి చెవి ఒగ్గి విన్నారు. మా పెద్దాయన పక్కనే నిలబడి ఏమీ అనలేదు. ఆయన ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినప్పుడు చేసేదీ సరిగ్గా అదే. తర్వాత ఇద్దరూ ఒక టర్న్‌బకిల్ దగ్గర వంగి చాలాసేపు ఏదో మాట్లాడుకున్నారు, చేతులతోనే ఎక్కువ. ఎగరడానికి రమ్మంటే, “నేను పనిచేసినవి ఎక్కినవాళ్ళు క్షేమంగా దిగితే చాలనుకునేవాణ్ణి, ఎక్కాలని ఎప్పుడూ అనుకోలేదురా” అన్నారు. అయినా ఎక్కించాం. ముందు సీట్లోకి ఎక్కడానికి ఇద్దరం కింద నుంచి ఊతమిచ్చాం.

ఇక్కడున్న మన పిల్లలు కొందరు ఈ పనికి ఎలా రావాలని అడుగుతుంటారు. పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. పాత విమానాలు బాగుచేసే బృందాలకి శనివారాలు వచ్చే చేతులు ఎప్పుడూ కావాలి. మొదటి నెలలు ఊడ్చడం, ఎమరీ పేపర్ రుద్దడం, పాత రంగు గీకడం, అంతే. ఆ నెలల్లో నోరు తక్కువ, కళ్ళు ఎక్కువ పనిచెయ్యాలి. సూది చేతికిచ్చే రోజు వాళ్ళే నిర్ణయిస్తారు. మా హ్యాంగర్‌లో ఇప్పుడు వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి వస్తోంది. జిగురు పరీక్ష ముక్కలు విరవడం ఆమెకి అప్పగించారు పెద్దాయన. పోయిన వారం ఒక ముక్క సగం నున్నగా ఊడొచ్చింది. ఆరోజు వేసిన అతుకులన్నిటి మీదా ఆమే ఎర్ర చాక్‌పీసుతో గుర్తులు పెట్టింది. వచ్చే శనివారం వాటిని విప్పాలి.